గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్ స్కాన్ చదవడం ఎలా: పరీక్షకు వెళ్లే రేడియాలజీ పీజీలకు

ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ (గుండె వాల్వ్ ఇన్ఫెక్షన్) కేసు పరీక్షలో చాలాసార్లు గుండె బొమ్మగా రాదు. పొట్ట సీటీగా వస్తుంది, మెదడు ఎంఆర్ఐగా వస్తుంది, లేదంటే ఛాతీ ఎక్స్‌రేలో నాలుగు గుండ్రటి మచ్చలుగా వస్తుంది. నా ఎండీ ప్రాక్టికల్స్‌లో నాకు వచ్చింది పొట్ట సీటీ. ముప్పై దాటిన మహిళ, పది రోజులుగా జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి. స్ప్లీన్ అంచున త్రికోణం ఆకారంలో కాంట్రాస్ట్ పట్టని భాగం ఉంది. "స్ప్లీనిక్ ఇన్‌ఫార్క్ట్ సార్" అన్నాను, అంటే స్ప్లీన్‌లో రక్తం అందక చచ్చిపోయిన భాగం. ఎగ్జామినర్ తల ఊపి, "ఎక్కడి నుంచి వచ్చిందమ్మా ఇది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మౌస్ తీసుకుని స్కౌట్ బొమ్మ (స్లైసులకు ముందు ఎక్స్‌రేలా తీసే మొదటి బొమ్మ) తెరిచారు. ఛాతీ మధ్య ఎముక మీద వరసగా తీగ ముడులు, గుండె నీడలో ఒక లోహపు రింగు. ఆమెకు ఎప్పుడో మైట్రల్ వాల్వ్ మార్చారు. నేను స్లైసులన్నీ చూశాను కానీ ఆ ఒక్క బొమ్మ తెరవలేదు.

అందుకే మా పీజీలకు మొదట చెప్పేది ఇది. శరీరంలో ఎక్కడైనా ముక్క (ఎంబోలస్, అంటే ఊడి రక్తంలో కొట్టుకొచ్చి రక్తనాళానికి అడ్డుపడేది) కనబడితే వాల్వ్ దాకా వెనక్కి వెళ్లండి. వాల్వ్ మీద వెజిటేషన్ (క్రిములు, గడ్డకట్టిన రక్తం కలిసిన ముద్ద) కనబడితే సంతోషపడి అక్కడే ఆగిపోకండి. వాల్వ్ చుట్టూ ఉన్న గోడ చూడండి, ఆ తర్వాత ముక్కలు ఎటెటు పోయాయో వెతకండి. మిగతాదంతా ఈ రాకపోకలను పద్ధతిగా చేయడమే.

మొదట కేసు చీటీ చదవండి

బొమ్మ తెరవాలన్న తొందర పక్కన పెట్టి, ఇచ్చిన రెండు లైన్ల హిస్టరీని రెండుసార్లు చదవండి. జ్వరంతో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోకార్డైటిస్ మనసులో పెట్టుకోవాలి: రుమాటిక్ గుండె జబ్బు, మార్చిన వాల్వ్, పుట్టుకతో వచ్చిన గుండె లోపం, పేస్‌మేకర్, డయాలిసిస్ క్యాథెటర్, సూదితో మత్తుమందు తీసుకునే అలవాటు, ఇంతకు ముందే ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చి ఉండటం. మన దగ్గర రుమాటిక్ గుండెలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి, విదేశీ పుస్తకాల్లో ఉన్న వృద్ధుల కేసులకన్నా వయసులో చిన్నవాళ్లు మన టేబుల్ మీదికి ఎక్కువ వస్తారు.

బ్లడ్ కల్చర్ రిపోర్టు ఇచ్చి ఉంటే అది కూడా దారి చూపిస్తుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అయితే కొద్ది రోజుల్లోనే వాల్వ్‌ను చీల్చేస్తుంది, చీము చుట్టుపక్కలకు పాకుతుంది. విరిడాన్స్ స్ట్రెప్టోకాకై అయితే నోటి నుంచి వచ్చి నెమ్మదిగా నడుస్తుంది. స్ట్రెప్టోకాకస్ గ్యాలోలైటికస్ అని కనబడితే, చేతిలో ఉన్న పొట్ట సీటీలో పెద్దపేగును ఒకసారి చివరిదాకా చూడండి. ఆ క్రిమికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైవాలో అడగడం మామూలే. ఫంగస్ అయితే వెజిటేషన్లు బాగా పెద్దవిగా ఉంటాయి.

ఈసీజీలో పీఆర్ ఇంటర్వెల్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) కొత్తగా పెరిగిందని రాసి ఉంటే దాని కింద గీత గీసుకోండి. అయోర్టిక్ వాల్వ్ పక్కనే ఆ కరెంటు దారిలోని ఏవీ నోడ్ ఉంటుంది. కరెంటు దారిలో అడ్డం వచ్చిందంటే చీము అక్కడిదాకా పాకి ఉండొచ్చు.

ఏ స్కాన్ దేనికి

వైవాలో "ఫస్ట్ ఇన్వెస్టిగేషన్ ఏంటి?" అంటే జవాబు ఎకోనే. మనం సీటీ వాళ్లం కదా అని సీటీ అనకండి. ఛాతీ మీద నుంచి చేసే ఎకో సొంత వాల్వ్ మీది వెజిటేషన్‌ను సుమారు 70 శాతం మందిలో పట్టుకుంటుంది, మార్చిన వాల్వ్ అయితే 50 శాతం దగ్గరే ఆగిపోతుంది. గొంతు ద్వారా చేసే ఎకో, అంటే టీఈఈ, రెండింటిలోనూ 90 శాతం దాటుతుంది. సన్నగా, చురుగ్గా కదిలే చిన్న వెజిటేషన్, వాల్వ్ రేకుకు పడిన చిన్న చిల్లు, వాల్వ్ లీకు, ఈ మూడింటిలో ఎకోనే మేలు.

సీటీ గెలిచేది వాల్వ్ చుట్టూ. యాబ్సెస్ (చీముగడ్డ), సూడోయాన్యూరిజం (చీము ఖాళీ అయ్యాక రక్తం నిండే గుహ), ఫిస్టులా (రెండు గదుల మధ్య పడిన దారి), లోహం నీడ వెనక దాక్కున్న చీము, కొరొనరీలకు ఎంత దగ్గరలో ఉందన్న లెక్క, ఇవన్నీ సీటీలో స్పష్టంగా తెలుస్తాయి. పెట్ సీటీ (చక్కెరలాంటి మందు ఇచ్చి ఇన్ఫెక్షన్ ఉన్న చోటు వెలిగేలా తీసే స్కాన్) మార్చిన వాల్వ్‌లో, పేస్‌మేకర్ పాకెట్‌లో పనికొస్తుంది. సొంత వాల్వ్‌లో ఇన్ఫెక్షన్‌ను పట్టుకునే శక్తి (సెన్సిటివిటీ) దానికి తక్కువ. మెదడుకు ఎంఆర్ఐ. కార్డియాక్ ఎంఆర్ఐ వాల్వ్ వెజిటేషన్ కోసం మామూలుగా చేయం.

గేటెడ్ సీటీ ఎలా చేస్తారు అని అడిగితే

ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది. కొరొనరీ సీటీ ప్రోటోకాల్‌ను అలాగే అప్పజెబితే మార్కులు పోతాయి. ఇక్కడ మనకు గుండె చక్రం మొత్తం కావాలి. రేకులు తెరుచుకోవడం, మూసుకోవడం, సూడోయాన్యూరిజం సంచి ఉబ్బడం, కుంగడం చూడాలి. అందుకే రెట్రోస్పెక్టివ్ ఈసీజీ గేటింగ్ (ఈసీజీతో పాటు చక్రమంతా స్కాన్ చేసి, ఫేజులను తర్వాత విడదీయడం) చేసి, ఆర్-ఆర్ ఇంటర్వెల్‌లో (రెండు గుండె చప్పుళ్ల మధ్య సమయంలో) ప్రతి 5 లేదా 10 శాతానికి ఒక సెట్ తీసుకుంటాం. స్లైస్ మందం 1 మిల్లీమీటరు లోపు. ముందు కాంట్రాస్ట్ లేని సెట్ ఒకటి, ఆ తర్వాత ఆర్టీరియల్, ఆపైన ఒక నిమిషం దాటాక ఆలస్యపు ఫేజ్. ఈ ఆలస్యపు ఫేజ్‌లోనే యాబ్సెస్ గోడ వెలుగుతుంది.

బీటా బ్లాకర్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అయోర్టిక్ వాల్వ్ హఠాత్తుగా లీక్ అవుతున్న మనిషికి గుండె వేగం తగ్గిస్తే డయాస్టోల్ (గుండె సడలే సమయం) పొడవవుతుంది, వెనక్కి పడే రక్తం పెరుగుతుంది, మనిషి కుప్పకూలిపోవచ్చు. హార్ట్ బ్లాక్ మొదలైన వాళ్లకు కూడా ఇది ప్రమాదమే. "కార్డియాలజిస్టును అడగకుండా ఇవ్వను సార్" అని చెప్పండి. అలాగే క్రియాటినిన్. ఎండోకార్డైటిస్‌లో గ్లొమెరులోనెఫ్రైటిస్ (కిడ్నీ వాపు) రావచ్చు, వాళ్లు వాడే జెంటామైసిన్ యాంటీబయాటిక్ కూడా కిడ్నీని దెబ్బతీస్తుంది. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు ఆ అంకె చూశానని నోటితో చెప్పండి.

ట్రైకస్పిడ్ వాల్వ్ చూడాలంటే ఇంజెక్షన్ పద్ధతి మారాలి. మామూలు కొరొనరీ సీటీలో కుడి ఏట్రియంలోకి పైనుంచి కాంట్రాస్ట్ ఉన్న రక్తం, కిందినుంచి కాంట్రాస్ట్ లేని రక్తం వచ్చి కలుస్తాయి. ఆ కలగలుపు అచ్చం వెజిటేషన్‌లా కనబడి మోసం చేస్తుంది. సెలైన్‌లో కాంట్రాస్ట్ కలిపిన రెండో డోస్ వెనకాలే ఇస్తే కుడి వైపు కూడా సమంగా నిండుతుంది.

వాల్వ్ మీద ఏం చూడాలి

యాక్సియల్ స్లైసుల్లో వాల్వ్‌ను చదవడం కుదరదు. అయోర్టిక్ వాల్వ్‌కు మూడు రేకులూ ఎదురుగా కనబడేలా షార్ట్ యాక్సిస్ కట్ చేయండి, దానికి తోడు త్రీ చాంబర్ వ్యూ. మైట్రల్‌కు టూ, త్రీ, ఫోర్ చాంబర్ వ్యూలు. కట్ సరిగ్గా పడ్డాక సినీ (ఫేజులన్నీ వరసగా ఆడే వీడియో) నడిపించండి. ఆగిపోయిన బొమ్మలో వెజిటేషన్‌నూ దళసరి రేకునూ విడదీయలేం.

వెజిటేషన్ అంటే రేకుకు అంటుకుని, అంచులు గరుకుగా, కాంట్రాస్ట్ నిండిన రక్తం కన్నా నల్లగా కనబడే ముద్ద. రేకు లయ ఒకటైతే దాని లయ ఇంకొకటి, విడిగా ఊగుతుంది. ఏ వైపు ఉందో చెప్పడం మరిచిపోకండి. ఒత్తిడి తక్కువ ఉన్న వైపే అది పెరుగుతుంది. మైట్రల్‌కు ఏట్రియం వైపు, అయోర్టిక్‌కు వెంట్రికల్ వైపు. లీకైన రక్తం దూకే దారిలో ఉంటుందని గుర్తుపెట్టుకుంటే బట్టీ పట్టనక్కర్లేదు.

పొడవు కొలవండి. అత్యంత పొడవుగా కనబడే ఫేజ్‌లో, అతి పొడవైన కొలత. 10 మిల్లీమీటర్లు దాటితే ముక్క ఊడిపోయే ప్రమాదం పెరుగుతుంది, సర్జన్ నిర్ణయం ఆ అంకె మీద కూడా ఆధారపడుతుంది. "పెద్ద వెజిటేషన్ ఉంది" అన్న రిపోర్టు సర్జన్‌కు పనికిరాదు, "13 మిల్లీమీటర్లు" అన్నది పనికొస్తుంది.

రేకుకు చిల్లు పడితే సీటీలో రేకు గీత మధ్యలో తెగినట్టు కనబడుతుంది. ఒక్క ఫేజ్‌లో చూసి నమ్మకండి, సన్నటి రేకు ఎలాగూ అక్కడక్కడా మాయమవుతుంది. రెండు వ్యూల్లో, రెండు ఫేజుల్లో అదే చోట తెగితే చెప్పండి. రేకు యాన్యూరిజం వేరు. అది మైట్రల్ ముందు రేకు మీద చిన్న సంచిలా ఏట్రియం వైపు ఉబ్బుతుంది. అయోర్టిక్ వాల్వ్ లీకైన ధార వచ్చి ఆ రేకును కొట్టడం వల్ల ఇన్ఫెక్షన్ అక్కడికి పాకుతుంది. కాబట్టి మైట్రల్ ముందు రేకులో చిల్లో సంచో కనబడితే అయోర్టిక్ వాల్వ్ వైపు తప్పక చూడాలి.

వాల్వ్ చుట్టూ చూడండి, కేసు ఇక్కడే మలుపు తిరుగుతుంది

నేను ఎక్కువ సమయం ఇక్కడే గడపమంటాను. వెజిటేషన్‌ను ఎకో ముందే చెప్పేసి ఉంటుంది. సీటీ అడిగింది ఈ భాగం కోసం.

అయోర్టిక్ రూట్ షార్ట్ యాక్సిస్‌లో గడియారం ముల్లులా చుట్టూ తిరగండి. అక్కడి మూడు ఉబ్బులు ఇవి: కుడి సైనస్, ఎడమ సైనస్, నాన్‌కొరొనరీ సైనస్. గోడ ఎక్కడైనా మందంగా ఉందా? చుట్టూ ఉన్న కొవ్వు మసకబారిందా? కొత్తగా పెరికార్డియంలో (గుండె చుట్టూ ఉండే సంచిలో) నీరు చేరిందా? మైట్రల్ కన్నా అయోర్టిక్ వాల్వ్‌లోనే ఇన్ఫెక్షన్ చుట్టుపక్కలకు ఎక్కువ పాకుతుంది. మార్చిన వాల్వ్‌లో ఇంకా ఎక్కువ.

తర్వాత అయోర్టిక్ వాల్వ్‌కూ మైట్రల్ ముందు రేకుకూ మధ్య ఉండే పలచటి పొర దగ్గరికి రండి. దీన్ని మైట్రల్ అయోర్టిక్ ఇంటర్‌వాల్వులార్ ఫైబ్రోసా అంటాం. రక్తనాళాలు చాలా తక్కువ ఉన్న పొర కాబట్టి ఇన్ఫెక్షన్‌ను తట్టుకోలేదు. త్రీ చాంబర్ వ్యూలో ఇది బాగా కనబడుతుంది. మామూలుగా సన్నగా ఉండాల్సిన ఈ పొర మందమైతే అనుమానించండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: యాబ్సెసా, సూడోయాన్యూరిజమా? ఒక్క ఆలోచనతో తేలిపోతుంది. లోపలికి రక్తం వెళ్తోందా, లేదా?

యాబ్సెస్ మూసుకుపోయిన చీముగడ్డ. ఆర్టీరియల్ ఫేజ్‌లో లోపల కాంట్రాస్ట్ రాదు, నల్లగా ఉంటుంది. ఆలస్యపు ఫేజ్‌లో చుట్టూ గోడ తెల్లగా వెలుగుతుంది. సూడోయాన్యూరిజం అంటే ఆ చీముగడ్డ గుండె లోపలికో అయోర్టాలోకో తెరుచుకుని ఖాళీ అయిన గుహ. ఆర్టీరియల్ ఫేజ్‌లోనే కాంట్రాస్ట్ నిండుతుంది, మెడలాంటి దారి కనబడుతుంది. సినీ నడిపితే ఇంకా బాగా తెలుస్తుంది. ఇంటర్‌వాల్వులార్ ఫైబ్రోసా దగ్గరి సూడోయాన్యూరిజం వెంట్రికల్ నుంచి నిండుతుంది కాబట్టి సిస్టోల్‌లో (గుండె బిగిసినప్పుడు) ఉబ్బి, డయాస్టోల్‌లో కుంగిపోతుంది. ఈ మాట వైవాలో మీ అంతట మీరే చెబితే ఎగ్జామినర్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

ఆ గుహకు రెండో వైపు కూడా తలుపు తెరుచుకుంటే అది ఫిస్టులా. కుడి సైనస్ నుంచి కుడి వెంట్రికల్‌లోకి లేదా కుడి ఏట్రియంలోకి, నాన్‌కొరొనరీ సైనస్ నుంచి కుడి ఏట్రియంలోకి, ఎడమ సైనస్ నుంచి ఎడమ ఏట్రియంలోకి దారి పడొచ్చు. ఏ గది నుంచి ఏ గదికో, దారి ఎంత వెడల్పో చెప్పండి. కొరొనరీ మొదలయ్యే చోటుకు గుహ ఎంత దూరంలో ఉందో కూడా కొలిచి చెప్పండి. సర్జన్ రూట్ మార్చాలంటే ఆ కొరొనరీని తీసి మళ్లీ కుట్టాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అయోర్టిక్ రూట్ పైన పెరికార్డియం మడతల్లో సహజంగానే కొంచెం నీరు ఉంటుంది. దాన్ని యాబ్సెస్ అనేస్తుంటారు. అది నీటి సాంద్రతలో ఉంటుంది, మడత ఆకారానికి తగ్గట్టే ఒదిగి ఉంటుంది, గోడ వెలగదు, పక్కన కొవ్వు శుభ్రంగా ఉంటుంది.

వెజిటేషన్‌లా కనబడేవి

డిఫరెన్షియల్ అడిగితే జాబితా అప్పజెప్పకండి, ఒక్కోదానికి విడదీసే కారణం చెప్పండి. ప్యాపిలరీ ఫైబ్రోఇలాస్టోమా (క్యాన్సర్ కాని చిన్న గడ్డ) గుండ్రంగా, చిన్న కాడతో, ఎక్కువగా అయోర్టిక్ వాల్వ్ మీద ఉంటుంది. జ్వరం ఉండదు, రేకు పాడవదు. క్యాన్సర్ రోగుల్లో, లూపస్‌లో ఇన్ఫెక్షన్ లేని వెజిటేషన్లు వస్తాయి. చిన్నవిగా, రేకులు కలిసే అంచున ఉంటాయి, రేకును చీల్చవు. వాల్వ్ అంచున ఉండే లాంబుల్ ఎక్స్‌క్రెసెన్సులు దారపు పోగుల్లా ఉంటాయి.

రుమాటిక్ మైట్రల్‌లో రేకు అసలే మందంగా, కాల్షియంతో ఉంటుంది కాబట్టి కాంట్రాస్ట్ లేని సెట్ పక్కన పెట్టుకుని చదవండి. ఈ రోగుల్లోనే ఎడమ ఏట్రియల్ అపెండేజ్‌లో (ఏట్రియంకు ఉన్న చిన్న సంచిలో) రక్తపు గడ్డ కూడా ఉండొచ్చు. అక్కడ రక్తం నెమ్మదిగా తిరగడం వల్ల నిండనట్టు కనబడితే ఆలస్యపు ఫేజ్‌లో నిండిపోతుంది, నిజమైన గడ్డ నిండదు. స్ప్లీన్‌లోకి ముక్క వాల్వ్ నుంచి వచ్చిందా, అపెండేజ్ నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

మార్చిన వాల్వ్ ఉంటే

మెకానికల్ వాల్వ్‌లో ఇన్ఫెక్షన్ కుట్టు రింగు దగ్గర మొదలవుతుంది. కాబట్టి యాబ్సెస్, కుట్లు ఊడిపోవడం ఎక్కువ. జంతు కణజాలంతో చేసిన బయోప్రోస్థెటిక్ వాల్వ్‌లో రేకులకు కూడా వస్తుంది. విండో వెడల్పు బాగా పెంచండి, లేకపోతే లోహం మెరుపులో ఏమీ కనబడదు. సినీలో వాల్వ్ మొత్తం ఊగుతోందంటే కుట్లు ఊడుతున్నట్టు. డిస్కులు పూర్తిగా తెరుచుకుంటున్నాయా లేదా చూడండి. డిస్క్ ఇరుక్కుంటే పానసా (చుట్టూ పెరిగిన గట్టి కణజాలం), థ్రాంబసా (రక్తపు గడ్డ) అన్నది సాంద్రత చూసి కొంత చెప్పొచ్చు. 145 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) దాటితే పానస్ వైపు, 90 లోపు ఉంటే కొత్త థ్రాంబస్ వైపు మొగ్గుతాం.

సర్జన్లు కుట్ల దగ్గర వాడే ఫెల్ట్ గుడ్డ ముక్కలు సీటీలో తెల్లగా ఉంటాయి, కాంట్రాస్ట్ లీకైనట్టు కనబడతాయి. కాంట్రాస్ట్ లేని సెట్‌లో కూడా అంతే తెల్లగా ఉంటే అది ఫెల్టే.

పెట్ సీటీలో ఇన్ఫెక్షన్ అనాలంటే వాల్వ్ చుట్టూ ఒకచోట గట్టిగా, ఎగుడుదిగుడుగా వెలగాలి, అటెన్యుయేషన్ కరెక్షన్ (శరీరం మింగేసిన సిగ్నల్‌ను లెక్కకట్టి సరిచేయడం) లేని బొమ్మల్లో కూడా ఆ వెలుగు నిలవాలి. రెండో మాట మరిచిపోతే లోహం వల్ల వచ్చిన తప్పుడు వెలుగును ఇన్ఫెక్షన్ అనేస్తారు. ఎండోకార్డైటిస్‌ను నిర్ధారించడానికి వాడే 2023 డ్యూక్-ఐఎస్‌సీవీఐడీ ప్రమాణాల ప్రకారం వాల్వ్ పెట్టి 3 నెలలు దాటాక కనబడిన పెట్ వెలుగు మేజర్ (పెద్ద ఆధారం), అంతకు ముందు కనబడితే మైనర్ (చిన్న ఆధారం). ఆపరేషన్ తర్వాతి వాపు, సర్జికల్ జిగురు కూడా వెలుగుతాయి. చాలా రోజులు యాంటీబయాటిక్ వాడాక వెలుగు తగ్గిపోవచ్చు.

పెట్‌కు ముందు భోజనం గురించి కూడా అడుగుతారు. కనీసం ఒక రోజంతా పిండి పదార్థాలు దాదాపు లేని, కొవ్వు ఎక్కువ ఉన్న తిండి, ఆ తర్వాత 12 గంటలకు తగ్గని ఉపవాసం. మన ఇళ్లలో ఇది విడమరిచి చెప్పాలి: అన్నం, ఇడ్లీ, చపాతీ, పాలు, పండ్లు ఏవీ వద్దు, గుడ్లు, పనీర్, నూనెలో వేయించిన చికెన్ తినొచ్చు. "ఏమీ తినలేదండీ, పొద్దున కొంచెం పెరుగన్నం మాత్రమే" అని చెప్పిన రోగులను చూశాను. ఆ నాలుగు ముద్దలకే గుండె కండరం మొత్తం వెలిగి, వాల్వ్ దాని వెనక దాగిపోతుంది.

ఊపిరితిత్తుల బొమ్మ వస్తే

కుడి వైపు వాల్వ్ అయితే ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీటీలో అంచుల దగ్గర, రెండు వైపులా గుండ్రటి నాడ్యూల్స్, కొన్ని గట్టిగా, కొన్ని మధ్యలో గుహ పడి, కొన్ని పలచటి గోడతో. ఒకే రోజు తీసిన ఒకే సీటీలో వేర్వేరు వయసుల మచ్చలు. ముక్కలు విడతలు విడతలుగా ఊడుతుంటాయి కాబట్టే అలా ఉంటుంది. ప్లూరాకు ఆనుకుని త్రికోణాలు, కొన్ని నాడ్యూల్స్ దగ్గరికి నడిచే రక్తనాళం కూడా చూపించండి.

మన దేశంలో గుహ పడిన మచ్చ చూడగానే నోట టీబీ అని వచ్చేస్తుంది. ఆ అలవాటు మంచిదే, కానీ ఇక్కడ ఆగి చూడండి. టీబీ సాధారణంగా పై లోబుల్లో మొదలవుతుంది, చుట్టూ చిన్న చిన్న చెట్టు కొమ్మల్లాంటి మచ్చలు ఉంటాయి, నెలల కథ. సెప్టిక్ ఎంబోలై (ఇన్ఫెక్షన్ ముక్కలు) కింది వైపు, అంచుల దగ్గర, రోజుల కథ. ఆ వెంటనే మెడ లైను, డయాలిసిస్ క్యాథెటర్, పేస్‌మేకర్ వైరు వెతకండి. వైరు చివరిదాకా దాన్ని పట్టుకుని వెళ్లండి.

ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే ఇచ్చి, కుడి పై లోబులో మాత్రమే ఎడీమా ఉంటే, మైట్రల్ హఠాత్తుగా లీకైందేమో ఆలోచించండి. లీకు ధార కుడి పై పల్మనరీ సిర వైపు కొడుతుంది కాబట్టి నీరు అక్కడ చేరుతుంది. న్యుమోనియా అని రాసి బయటికి వచ్చినవాళ్లు చాలామంది.

కుడి వైపు వెజిటేషన్ ఉండి మెదడులో ముక్కలు దొరికితే గుండె కుడి, ఎడమ గదుల మధ్య గోడలో చిల్లు ఉందేమో చూడమని చెప్పండి. పీఎఫ్ఓ (రెండు ఏట్రియంల మధ్య పుట్టాక మూసుకోని దారి) గురించి అడిగించుకునే ప్రశ్న ఇది.

మెదడు

ఎడమ వైపు వాల్వ్ ముక్కలు మెదడుకు పోతాయి. డిఫ్యూజన్ బొమ్మల్లో వేర్వేరు రక్తనాళాల పరిధుల్లో చిన్న చిన్న తెల్లటి చుక్కలు ఒకేసారి కనబడితే గుండె నుంచి వచ్చినట్టే భావించండి. ఎస్‌డబ్ల్యూఐలో (రక్తపు జాడలు చూపించే ఎంఆర్ఐ బొమ్మల్లో) కార్టెక్స్ దగ్గర మైక్రోబ్లీడ్లు లెక్కపెట్టండి.

తలపై భాగంలో ఒకే సల్కస్‌లో (మెదడు మడతల మధ్య గాడిలో) సబ్‌అరక్నాయిడ్ రక్తం ఉంటే, మామూలుగా చూసే సర్కిల్ ఆఫ్ విల్లిస్ (మెదడు అడుగున రక్తనాళాల వలయం) దగ్గర ఆగిపోకండి. మైకోటిక్ యాన్యూరిజం (ఇన్ఫెక్షన్ వల్ల రక్తనాళం ఉబ్బిన చోటు) మిడిల్ సెరిబ్రల్ ధమని చివరి కొమ్మల్లో దాక్కుంటుంది. పేరు మైకోటిక్ అయినా ఎక్కువగా బ్యాక్టీరియా వల్లే వస్తుంది, ఈ మాట కూడా అడుగుతారు. సీటీ యాంజియోలో ఎంఐపీ బొమ్మలు (రక్తనాళాలను కలిపి ఒకేచోట చూపేవి) తీసి కొమ్మ కొమ్మా చూడండి. ఒకటి దొరికితే రెండోది వెతకండి.

రక్తస్రావం ఉందా లేదా అన్నది స్పష్టంగా చెప్పాలి. రక్తస్రావం లేకపోతే, గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు స్ట్రోక్ ఉందని ఆపరు. మెదడులో పెద్ద రక్తస్రావం ఉంటే వీలైనంతవరకు నెల దాకా వాయిదా వేయాలని చూస్తారు.

పొట్ట, వెన్ను

స్ప్లీన్‌ను ఆర్టీరియల్ ఫేజ్‌లో నమ్మకండి, మామూలు స్ప్లీన్ కూడా చారలు చారలుగా వెలుగుతుంది. పోర్టల్ ఫేజ్‌లో అంచుకు ఆనుకుని త్రికోణంగా నల్లగా నిలిస్తే ఇన్‌ఫార్క్ట్. గుండ్రంగా, చుట్టూ గోడ వెలిగి, మళ్లీ తీసిన స్కాన్‌లో పెరిగితే యాబ్సెస్. కిడ్నీలో ఇన్‌ఫార్క్ట్‌కూ పైలోనెఫ్రైటిస్‌కూ తేడా అడిగితే, బయటి అంచున సన్నటి వెలుగు గీత మిగిలి ఉండటం ఇన్‌ఫార్క్ట్ వైపు చూపిస్తుంది. కొత్త ఇన్‌ఫార్క్ట్‌లో ఆ గీత ఇంకా రాకపోవచ్చు. సుపీరియర్ మెసెంటరిక్ ధమని మీద మైకోటిక్ యాన్యూరిజం ఉందేమో చూడండి. నడుము నొప్పి ఉందని రాసి ఉంటే సాజిటల్‌లో డిస్కులు చూడండి. చివరగా స్కౌట్ తెరవండి.

నోటితో చెప్పడం

పరీక్షలో మీరు ఇంగ్లిష్‌లోనే చెబుతారు, వరస మాత్రం ఇదే పెట్టుకోండి. నేను ఇలా చెప్పిస్తాను:

"ఇది ఈసీజీ గేటెడ్ కార్డియాక్ సీటీ. అయోర్టిక్ నాన్‌కొరొనరీ రేకుకు వెంట్రికల్ వైపు 13 మిల్లీమీటర్ల కదిలే ముద్ద ఉంది. నాన్‌కొరొనరీ సైనస్‌కు వెనక, ఇంటర్‌వాల్వులార్ ఫైబ్రోసాలో 18 మిల్లీమీటర్ల గుహ ఉంది. లోపల కాంట్రాస్ట్ నిండింది, సిస్టోల్‌లో ఉబ్బుతోంది, వెంట్రికల్ అవుట్‌ఫ్లో వైపు మెడ ఉంది. ఫిస్టులా కనబడలేదు. ఎడమ మెయిన్ కొరొనరీకి తగల్లేదు. పై పొట్ట స్లైసుల్లో స్ప్లీన్ ఇన్‌ఫార్క్ట్ ఉంది. అయోర్టిక్ వాల్వ్ ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, సూడోయాన్యూరిజంతో, ఎంబోలైజేషన్‌తో. కార్డియాక్ సర్జన్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఆపరేషన్‌కు ముందు మెదడు స్కాన్ చేయమంటాను."

డ్యూక్ గురించి అడిగితే 2023 మార్పు చెప్పండి. సీటీలో కనబడిన వెజిటేషన్, చిల్లు, రేకు యాన్యూరిజం, యాబ్సెస్, సూడోయాన్యూరిజం, ఫిస్టులా ఎకోతో సమానంగా మేజర్. రెండు మేజర్లు, లేదా ఒక మేజర్ మూడు మైనర్లు, లేదా ఐదు మైనర్లు ఉంటే డెఫినిట్. మనం చూసిన స్ప్లీన్ ముక్క, మైకోటిక్ యాన్యూరిజం, ఊపిరితిత్తి సెప్టిక్ ఇన్‌ఫార్క్ట్ వాస్క్యులార్ మైనర్ కిందికి వస్తాయి. ఎన్ని చోట్ల ఉన్నా కలిపి ఒక్క మైనరే, ఇక్కడ లెక్క తప్పుతుంటారు.

ఇంకా నెల రోజులు ఉంటే కొత్త కేసుల వెంట పడకండి. మీ డిపార్ట్‌మెంట్ ప్యాక్స్‌లో (స్కాన్లు దాచే కంప్యూటర్ వ్యవస్థలో) నార్మల్ అని రిపోర్టు ఇచ్చిన గేటెడ్ కొరొనరీ సీటీలు పది తీయండి. ప్రతి దాంట్లో అయోర్టిక్ రూట్ షార్ట్ యాక్సిస్ మీరే కట్ చేసి, ఇంటర్‌వాల్వులార్ ఫైబ్రోసా మందం, పెరికార్డియం మడతల్లో నీరు, మూడు సైనస్‌ల గోడ చూడండి. సాయంత్రానికి రెండు చొప్పున, ఐదు రోజుల పని.